మా ఆడబిడ్డ కొలువు



మా యింటికి వచ్చు పేరంటాండ్రు మమ్ము తరచుగా నడుగు ప్రశ్నలు రెండు కలవు. "మీ ఆడబిడ్డ పండ్లు పీకెడి డాక్టరమ్మయట కదా, దానికి అన్నేండ్ల చదువెందులకు?" అనునది మొదటిది. "అంత చదివినను కొలువు దొరకుటకు ఏడాది దాటినదట, నిజమేనా?" అనునది రెండవది. మొదటి ప్రశ్నకు మేము నవ్వి బదులు చెప్పుదుము. రెండవదానికి మాత్రము నవ్వు రాదు. ఆ కొలువు కొఱకు మా యింట జరిగిన వెదకులాట 2022 జూలై నుండి 2023 సెప్టెంబరు వఱకు సాగినది. అందులో మేము చేసిన తప్పిదము నొకటి కలదు. ఆడపిల్లలను ఇట్టి చదువులకు పంపు తల్లులకును వదినెలకును పనికివచ్చునని తలంచి, జరిగినదానిని దాచక వ్రాయుచున్నాము.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తాతగారు ఇంటనే కూర్చుండబెట్టి అమరము మొదలుకొని రఘువంశము వఱకును, పిదప ఆంధ్రమహాభారతమును చెప్పిరి. శ్రీకాకుళము చెంత నున్న ఈ యూరికి మేము కాపురమునకు వచ్చినది 2008లో. మావారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు. మామగారు అంతకుమునుపే గతించిరి. ఇంట నుండినది అత్తగారును, పదుమూడేండ్ల ఆడబిడ్డయు. ఆ పిల్లకు జడవేసి బడికి పంపినది మేమే. ఆమె మొదటి జీతము కొఱకు అందఱికంటె ఎక్కువగా ఎదురుచూచినదియు మేమే.

ముందుగా ఆమె విద్య యెట్టిదో చెప్పవలెను. దానిని ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ యందురు. నోటికిని, దవడలకును, ముఖమునకును చేయు శస్త్రవైద్యమని తెలుగున జెప్పుకొనవచ్చును. ఎముకలో అడ్డముగా నిలిచిపోయిన జ్ఞానదంతమును తీయుట మొదలుకొని, ప్రమాదములలో విఱిగిన దవడను, చెక్కిలి యెముకను కూర్చుట, దవడలో బెరిగిన గడ్డలను తీయుట, బిగిసిపోయిన దవడకీలును విడిపించుట, గ్రహణమొఱ్ఱితో పుట్టిన శిశువు పెదవిని కుట్టి చక్కజేయుట, నోటి పుండు పుట్టకురుపైనచో దానిని కోసి తీయుట, ఇవన్నియు ఈ వైద్యుల పనులే. పండ్లు పీకుట వారి పనిలో నొక మూల మాత్రమే.

మాకీ సంగతి మొదట తెలియదు. తెలిసినపిమ్మట మా తాతగారి గ్రంథముల పెట్టెలోని సుశ్రుతసంహిత జ్ఞప్తికి వచ్చెను. తెగిన ముక్కు కొలతను ఆకుతో దీసికొని, చెక్కిలి చర్మముతో దానిని మరల నిర్మించు విధమును ఆ గ్రంథము చెప్పుచున్నది. శిష్యుడు రోగిపై కత్తి పెట్టుటకు ముందు గుమ్మడి, ఆనప, దోస మొదలగు కాయలపై కోత నభ్యసింపవలెననియు అందు గలదు. ఈ మాట మేము చెప్పగా మా ఆడబిడ్డ నవ్వి, "వదినా, మాకు మొదట మైనముతో పండ్లు చెక్కుట నేర్పిరి. అదియు ఇదియు నొక్కటే" అనెను. చేయి సాగవలెనన్నచో చేసి చేసి సాగవలసినదే గాని వేఱు దారి లేదని ఆనాడు మాకు దోచెను. ఆ మాటను మేమే తరువాత మఱచితిమి.

నేటి రూపమున నీ విద్య పెరిగినది యుద్ధములవలన. మొదటి మహాయుద్ధమున (1914-18) కందకములలో నిలిచి పోరిన సైనికుల ముఖములు గుండ్లకు ఛిద్రమయ్యెను. ఇంగ్లండులో సిడ్‌కప్ అను చోట 1917లో తెఱచిన ఆసుపత్రిలో హెరాల్డ్ గిల్లీస్ అను శస్త్రవైద్యుడు అట్టివారికి ముఖములు కూర్చెను. చర్మమును కుట్టుట ఆయన పని. లోపలి దవడయెముకను పండ్ల ఆధారముతో నిలువబెట్టుట ఆయనతో గూడ పనిచేసిన దంతవైద్యుల పని. పండ్ల వరుస సరిగా కలిసినగాని దవడ సరిగా కలిసినట్లు కాదు. కావుననే పండ్ల వైద్యము నేర్చినవారు ముఖవైద్యములోనికి వచ్చిరి.

మన దేశమున రఫీయుద్దీన్ అహమ్మదుగారు 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి. కలకత్తాలో ఈ విద్య నభ్యసించి 1923లో బొంబాయిలో వైద్యశాల తెఱచిన ఫాతిమా జిన్నా స్త్రీయే. అనగా ఈ విద్య స్త్రీలకు క్రొత్త కాదు. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చెను. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడెను. ముఖ దవడ శస్త్రవైద్యులు 1969లో తమకొక అఖిలభారత సంఘమును గూర్చుకొనిరి. అయినను ఊళ్లలో నీ వైద్యుల పేరు నేటికిని తెలియదు. ముఖమునకు దెబ్బతగిలినచో ఎవరియొద్దకు పోవలెనో ఎఱుగనివారే యెక్కువ. ఈ యెఱుగకపోవుటయే మా ఆడబిడ్డ కొలువునకు మొదటి యడ్డంకి యయ్యెను.

ఆమె 2012లో దంతవైద్యమున జేరెను. ఆసుపత్రిలో పని నేర్చు ఏడాదితో గూడ అది అయిదేండ్ల చదువు. పిదప అఖిలభారత ప్రవేశపరీక్షను రెండుమార్లు వ్రాసి, 2019లో మూడేండ్ల పైచదువున జేరెను. ఆ రుసుమునకై బ్యాంకులో ఎనిమిది లక్షల ఋణమును దీసికొంటిమి. చాలనిదానికి మా చేతి గాజులు నాలుగింటిని అదే బ్యాంకులో కుదువబెట్టితిమి. మావారు వలదనిరి. "గాజులు మరల వచ్చును, సీటు మరల రాదు" అని మేమే పట్టుబట్టితిమి.

చదువు నడుమ 2021 వేసవిలో కరోనా రెండవ విడత వచ్చెను. దానివెంట బ్లాక్ ఫంగస్ అను రోగమును వచ్చెను. మధుమేహము గలిగి, కరోనా చికిత్సలో స్టీరాయిడు మందులు వాడినవారిని అది ముఖ్యముగా బట్టుకొని, ముక్కు ప్రక్క గూళ్లనుండి పై దవడకును కంటికిని ప్రాకుచుండెను. చెడిన యెముకను వెంటనే కోసి తీయనిచో ప్రాణము దక్కుట కష్టము. ఆ నెలలలో మా ఆడబిడ్డ తన గురువులతో గూడ దినదినమును శస్త్రచికిత్సాగారముననే నిలిచెను. ఇంటికి వచ్చిననాడు రెండు దినములు నిద్రపోయి, లేచి, "వదినా, పై దవడ తీసివేసినవారు అద్దము అడిగినప్పుడు ఇచ్చుటయే కష్టముగా నున్నది" అనెను. ఆమె వయస్సు అప్పటికి ఇరువదియాఱు.

2022 జూలైలో పట్టము చేతికి వచ్చెను. ఇక నెల తిరుగులోపల జీతము వచ్చునని మేము తలపోసితిమి. ఈ విద్యకు కొలువు దొరకు తావులెన్నియో అప్పుడు గాని మాకు దెలియలేదు.

దంతవైద్య కళాశాలలలో బోధించు పదవి యొకటి. దేశమున నిట్టి కళాశాలలు మూడువందలకు పైగా నున్నవి గాని, ఏటేట బయటికి వచ్చు పట్టభద్రులు వానికి మించియున్నారు. ప్రభుత్వ నియామకము రెండవది. ప్రకటన ఎప్పుడు వెలువడునో తెలియదు, వెలువడినను స్థానములు వ్రేళ్లపై లెక్కింపదగినవే. 1941లో నేర్పడిన సైన్యదంతవైద్య దళము మూడవది. దానికి వయఃపరిమితియు, పోటీయు గలవు. పెద్ద ఆసుపత్రులలో ముఖశస్త్రవైద్యుని పదవి నాలుగవది. అచ్చట ప్లాస్టిక్ సర్జనులును, చెవి ముక్కు గొంతు వైద్యులును ముందే యుందురు. ముఖము ఎవరి పాలు అను తగవు వారి నడుమ లోలోపల నుండనే యున్నది. విదేశములు అయిదవవి. ఇంగ్లండులో నీ శస్త్రవైద్యులగుటకు దంతవైద్య పట్టముతో బాటు సామాన్య వైద్య పట్టమును గావలెను. అమెరికాలో ఆసుపత్రి శిక్షణయే నాలుగేండ్లకు తక్కువ కాదు. గల్ఫు దేశములకు వేఱుగా అనుమతి పరీక్షలున్నవి. మన పట్టము నచ్చట చూపినంతనే తలుపు తెఱువరు. ఇక సొంత వైద్యశాల పెట్టుకొనుట ఆఱవది. దానికి పెట్టుబడి గావలెను, మాకు మిగిలినది అప్పు మాత్రమే.

ఆమె మొదట పండ్ల వైద్యశాలలలో జ్ఞానదంతములు తీయుటకు పోవుచుండెను. పిలిచిననాడు పని, పిలువనినాడు లేదు. ఆసుపత్రులకు పంపిన దరఖాస్తులు పదునెనిమిది. బదులు వచ్చినవి నాలుగు. ఒకచోట "మాకు పంటి డాక్టరు ఉన్నారు" అనిరి. వేఱొకచోట "ఆడవారు రాత్రివేళ రాగలరా?" అని యడిగిరి. "రాగలను" అని ఆమె చెప్పినను ఆ మాట వ్రాసికొనలేదు. నెల మొదట బ్యాంకునకు కట్టవలసిన వాయిదా మావారి జీతమునుండి పోవుచుండెను. ఇంట పాలు తగ్గించితిమి. అత్తగారు ఆమె పెండ్లి మాట యెత్తి కన్నీరు పెట్టుకొనుచుండిరి. వచ్చిన సంబంధములవారు, "పగలు క్లినిక్కులో కూర్చుండిన చాలును, రాత్రి ఆసుపత్రులు మాకు వలదు" అనుచుండిరి.

ఇట్లుండగా అక్టోబరులో దూరపు కళాశాల యొకదానినుండి ఫోను వచ్చెను. దాని పేరు వ్రాయము. మాటలాడినవారు మిక్కిలి మర్యాదగా, "మేడంగారూ, మీరు రోజూ రానక్కఱలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా కార్యాలయములో ఉంచండి. తనిఖీకి వచ్చిననాడు వచ్చి కూర్చుంటే చాలును. నెలనెలా జీతము మీ ఖాతాలో పడును" అనిరి. ఆ జీతము మా వాయిదాకు సరిపోయి, కొంత మిగులునంత యుండెను.

మా ఆడబిడ్డ ఫోను పెట్టివేసి మాతో చెప్పెను. మాకు లోలోపల దీపము వెలిగించినట్లయ్యెను. "మంచిదే కదా! ఇంటనుండియే జీతము. పెండ్లివారికిని అభ్యంతరముండదు" అంటిమి.

"వదినా, ఆ కాగితములో నేను అధ్యాపకురాలినై యుందును. ఆ పిల్లలకు మాత్రము నేర్పువారుండరు. వారు రేపు ఎవరి దవడపై కత్తి పెట్టుదురో! పైగా ఆ పత్రము లచ్చట నున్నంతకాలము నేను వేఱొకచోట పనిచేయ వీలుండదు. రెండేండ్లు కత్తి పట్టనిచో నా చేయి నాది కాదు."

అప్పుడు మేమన్న మాట మాకు నేటికిని ముల్లువలె నున్నది. "అమ్మాయీ, ఊరందఱి దవడల సంగతి నీకేల? మన యింటి అప్పు సంగతి చూడుము. మా చేతులు చూడుము" అని ఒట్టి చేతులు చాచి చూపితిమి.

ఆమె ఏమియు ననలేదు. మావారు అరుగుమీద కాపీ పుస్తకములు దిద్దుచుండిరి. ఆయన కలము ఆగినది గాని తల యెత్తలేదు. ఆ రాత్రి ఆమె భోజనము చేసి, తన కంచము తానే కడిగి పెట్టి పండుకొనెను. చిన్నప్పటినుండి ఆ కంచము కడుగునది మేము. ఆనాడు మాకు కడుగనీయలేదు.

కళాశాలవారు పది దినములు గడువిచ్చిరి. ఆ పది దినములలో జరిగిన దొకటి చెప్పవలెను.

మా వీధికి ఆకుకూరలు తెచ్చు ముదుసలి యున్నది. ఆనాడు గోంగూర కట్టలు దింపి, మేము పెట్టిన పచ్చడి మెతుకులు నోట బెట్టుకొని, "నోరు మండతంది తల్లీ, కారం తినలేకపోతన్నాను" అని కంచము ప్రక్కకు నెట్టెను. నెలలనుండి అట్లే యున్నదనెను. మేము మజ్జిగ పోయుటకు లోనికి పోవుచుండగా, మా ఆడబిడ్డ వచ్చి, "నోరు తెఱువు, మామ్మా" అని చేతిదీపముతో చూచెను. పిదప మమ్ము బిలిచి చూపెను. అంగిలిమీద తెల్లగా గట్టిపడిన పొర, దాని నడుమ ఎఱ్ఱని చుక్కలు, ఒక ప్రక్క చిన్న పుండు.

మా ప్రాంతపు స్త్రీలకు అడ్డపొగ యనిన దెలియును. చుట్ట వెలిగించి, నిప్పున్న కొననే నోటిలో బెట్టుకొని పీల్చుదురు. గాలికి ఆఱదనియు, చంకలోని బిడ్డపై నిప్పు రాలదనియు చెప్పుదురు. తల్లి త్రాగగా కూతురు నేర్చును. శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము వఱకును సముద్రపు టొడ్డు పల్లెలలో నీ యలవాటు తరతరములనుండి యున్నది. పుట్టకురుపు సాధారణముగా చెక్కిలికిని నాలుకకును వచ్చును. అడ్డపొగ త్రాగువారికి అంగిలికి వచ్చును. నిప్పు వేడియు పొగయు తిన్నగా అచ్చటనే తాకుటయే కారణము. వైద్యగ్రంథములలో ప్రపంచమంతటను ఈ మాటకు మన జిల్లా స్త్రీలనే దృష్టాంతముగా జూపుదురని మా ఆడబిడ్డ చెప్పగా మాకు సిగ్గు కలిగెను. ఏలయన, ఆ ముదుసలియొద్ద పదునాలుగేండ్లుగా ఆకుకూరలు కొనుచున్నాము, ఆమె నోట పొగను పదునాలుగేండ్లుగా చూచుచున్నాము.

మా ఆడబిడ్డ ఆమెను మఱునాడే తాను తోడ్కొనిపోయి పుండునుండి చిన్న తునుక తీయించి పరీక్షకు పంపించెను. పుట్టకురుపే యని తేలెను. మొదటి దశలో నున్నదనియు తేలెను. విశాఖపట్టణము చెంత అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి కలదు. అచ్చట అంగిలిలో కొంతభాగమును దీసివేసిరి. మానిన తరువాత ఆ రంధ్రమునకు కట్టుడు పండ్లవంటి యొక పలకను అమర్చిరి. పలక తీసినచో మాట ముక్కునుండి వచ్చును, త్రాగిన నీరు ముక్కులోనికి పోవును. పెట్టుకొన్నచో మాటయు తిండియు సక్రమముగా నుండును. ఆమె నేటికిని మా వీధికి వచ్చుచున్నది. చుట్ట మానినది.

పరీక్ష ఫలితము వచ్చిన సాయంకాలము కళాశాలవారి గడువు ఇంక రెండు దినములుండెను. మేము పెరటిలో అంట్లు తోముచున్న ఆడబిడ్డయొద్దకు పోయి, "అమ్మాయీ, ఆ కళాశాలవారికి రానని చెప్పుము" అంటిమి. ఆమె తలయెత్తి చూచి, "అప్పో?" అనెను. "అప్పు మనది. నీ చేయి ఒక్క మనది కాదు" అంటిమి. ఈ మాట చెప్పుటకు మాకు ఎనిమిది దినములు పట్టినది. ఆమె లేచి, మా చేతిలోని కంచమును దీసికొనలేదు సరికదా, తన కంచమును మా చేతికిచ్చెను.

వలదన్నంత మాత్రమున కొలువు రాదు గదా. అప్పుడు మావారు, తరగతిలో అడిగినట్లు, ఒక ప్రశ్న వేసిరి. "మన యూరి దాపున పోవు జాతీయ రహదారిపై ఒకనికి ముఖము పగిలినదనుకొనుము. అతడు మొదట ఎవరియొద్దకు పోవును?" "ఎముకల డాక్టరుయొద్దకు గాని, తల దెబ్బలు చూచు డాక్టరుయొద్దకు గాని" అని ఆమె చెప్పెను. "నీ దరఖాస్తులన్నియు ఎవరికి వ్రాసితివి?" "కార్యాలయములకు" అనెను. మావారు మఱేమియు ననక ఎఱ్ఱసిరా కలమును దీసికొని కాపీ పుస్తకములు దిద్దుకొనసాగిరి.

ఆ మఱునాటినుండి ఆమె ఒక నోటు పుస్తకమును వ్రాసెను. తాను స్వయముగా చేసిన శస్త్రచికిత్స లెన్ని, గురువులకు తోడుగా నిలిచిన వెన్ని, ఏవి ఒంటరిగా చేయగలదు, ఏవి చేయలేదు, అని నాలుగు భాగములుగా వ్రాసెను. చేయలేనివానిని వ్రాయుట ఎందులకని మేమడిగితిమి. "అది చూచియే మిగిలినవి నమ్ముదురు" అనెను. ఆ పుస్తకముతో శ్రీకాకుళమునను విశాఖపట్టణమునను ఎముకల వైద్యులను, మెదడు శస్త్రవైద్యులను, అత్యవసర విభాగమువారిని తానే పోయి కలిసికొనెను. "ముఖము విఱిగినవారు వచ్చినప్పుడు ఏ వేళనైనను పిలువుడు" అని తన సంఖ్య నిచ్చెను. నెలదినములు ఎవరును పిలువలేదు.

డిసెంబరులో నొక రాత్రి ఒంటిగంటకు ఫోను మ్రోగెను. శిరస్త్రాణము లేక మోటారుసైకిలుపై పోవుచున్న యువకుడు పడి, క్రింది దవడ రెండుచోట్ల విఱిగి, పండ్ల వరుస కలియక యుండెను. మావారు స్కూటరుపై ఆమెను ఆసుపత్రికి జేర్చిరి. మేము పొయ్యి వెలిగించి కాఫీ కాచి సీసాలో పోసి యిచ్చితిమి. మెదడునకు దెబ్బలేదని వైద్యులు నిర్ధారణ చేసిన పిమ్మట, మఱునాడు ఆమె టైటానియము పలకలను సన్నని మరలతో బిగించి దవడను కూర్చెను. పూర్వము పండ్లను తీగలతో బిగించి నాలుగైదు వారములు నోరు మూసి యుంచెడివారట. ఇప్పుడు పలకలవలన పెక్కురకు నోరు త్వరగా తెఱువ వీలగుచున్నది. ఆ పిల్లవాని తల్లికి ఏమి పెట్టవలెనో మేమే చెప్పితిమి: మెత్తని జావ, పప్పుకట్టు, మజ్జిగ. నమలనిది గాని బలమిచ్చునది గాని కావలెను.

ఆ పిమ్మట పిలుపులు నెలకు రెండు, పిదప నాలుగు, పిదప వారమునకు రెండయ్యెను. ఆ మూడు ఆసుపత్రులలో నొకటియే 2023 సెప్టెంబరులో ఆమెను జీతముపై నియమించెను. ఆ జీతము కాగితపు కొలువువా రిచ్చెదమన్నదానికంటె నెలకు ఆఱువేలు తక్కువ. ఈ సంగతి అత్తగారికి చెప్పలేదు. మీకు చెప్పుచున్నాము.

ఇక మా యనుభవమున దేలిన కొన్ని మాటలు. ఆడపిల్ల ఇట్టి కొలువునకు పోవునపుడు జీతమెంత అని యడుగుటకు ముందు, అచ్చట ఆమె చేతికి పని యున్నదా యని యడుగుడు. శస్త్రచికిత్సాగారమును, మత్తుమందు వైద్యుని ఏర్పాటును, నెలకు వచ్చు రోగుల సంఖ్యను ఆమెను స్వయముగా చూచి రానిండు. అసలు పట్టములను ఎవరియొద్దను ఉంచవలదు, నకళ్లు చాలును. జీతము, రాత్రిపని, రాకపోకల బండి, సెలవులు, మానుకొనుటకు ముందీయవలసిన గడువు, ఇవన్నియు కాగితముమీద నుండవలెను. రాష్ట్ర దంతవైద్య మండలిలో పేరు నమోదు కాలమునకు సరిగా నున్నదో లేదో చూచుకొనవలెను. వృత్తిలో దావాలు వచ్చినపుడు ఆదుకొను భీమాను మొదటి జీతముతోనే తీసికొనవలెను. పట్టము వచ్చిన తరువాత ఒక ఏడాది అప్పు వాయిదాలు కట్టుటకు మార్గమును చేరుటకు ముందే ఆలోచింపవలెను. మేమది ఆలోచింపలేదు. ఆలోచించియున్నచో ఆనాడు చేతులు చాచి చూపియుండము.

మఱియొక మాట. ఈ వైద్యులకు కొలువు కల్పించువారు ఆసుపత్రుల యజమానులే కారు. మనమును గలము. మొఱ్ఱిపెదవితో బిడ్డ పుట్టినచో గ్రహణమునాడు తల్లి ఏదో కోసినదని ఆమెను నిందించుట మాని, మూడవ నెల మొదలుకొని పెదవిని చక్కజేయవచ్చునని చెప్పుడు. మూడు వారములు దాటినను మానని నోటిపుండును చూపింపుడు. గుట్కా నమలి నోరు తెఱువలేకున్న పిల్లవానిని కోపించుటతో నాపక తీసికొనిపొండు. వంటయింటి చేతిదీపముతో అప్పుడప్పుడు ఇంటివారి నోళ్లు చూచుట మనకు రానిపని కాదు.

మొన్న సంక్రాంతికి వచ్చిన పేరంటాలొకతె మా చేతులు చూచి, "బంగారు గాజులు వేసికొనలేదేమి?" అని యడిగెను. అవి యింకను బ్యాంకులోనే యున్నవి. ఆడబిడ్డ వడ్డీ కట్టుచున్నది, అసలులో సగము తీరినది. మేము మట్టిగాజులు సవరించుకొని, వాయనము చేతికిచ్చి, "ఒక్కమాఱు నోరు తెఱువుడు, మీ పండ్ల వెనుక ఆ మచ్చ ఎన్నాళ్లనుండి యున్నది?" అని యడిగితిమి.